గంట పక్కన సూర్యుడు

జెనెబెచ్ ఎక్కడ సమయం రాసినా దాని పక్కన చిన్న బొమ్మ వేస్తుంది. పగలైతే సూర్యుడు, రాత్రయితే నెలవంక. ఆమె పనిచేసే వృద్ధుల కేంద్రంలో షిఫ్టు మారినప్పుడల్లా చేతులు మారే నోట్‌బుక్కు ఒకటుంది. మూడో గది ముసలాయనకి మందు ఇవ్వగానే అందులో "8.00" అని రాసి, పక్కన గుండ్రంగా ఒక సున్నా చుట్టి, చుట్టూ ఐదు గీతలు గీస్తుంది. డిసెంబరులో కూడా అంతే. ఉత్తర నార్వేలో, మా ఊళ్ళో, డిసెంబరంతా సూర్యుడు కొండ దాటి పైకి రాడు. ఎనిమిదింటికి కిటికీలోంచి చూస్తే వీధిదీపం కింద మంచు తప్ప మరేమీ ఉండదు. నోట్‌బుక్కులో మాత్రం సూర్యుడుంటాడు.

"ఇతన్ని నువ్వు చూశావా?" అని గున్వోర్ ఆ బొమ్మ మీద వేలు పెట్టి అడుగుతుంది. గున్వోర్ అక్కడ ముప్పై ఏళ్ళుగా నర్సు. ప్రతి డిసెంబరులోనూ ఈ ప్రశ్న అడుగుతుంది.

"చూడలేదు."

"మరి సాక్షులున్నారా?"

"లేరు. అందుకే రాసిపెడుతున్నా," అంటుంది జెనెబెచ్.

గున్వోర్‌కి ఆ బొమ్మ సంగతి తెలుసు. ఆ అలవాటు మొదలైన రోజున ఆమె అక్కడే ఉంది.

జెనెబెచ్ ఇథియోపియా ఉత్తరాన దబాత్ అనే చిన్న పట్నంలో పుట్టింది. ఆమె భర్త షిఫెరావ్ అక్కడి బడిలో భూగోళం చెప్పేవాడు. పెళ్ళయిన ఎనిమిదో నెలలో ప్రభుత్వపు మనుషులు ఆమె అన్నని ఇంట్లోంచి పట్టుకుపోయారు. వారం తిరక్కుండా ఆమె కోసం కూడా వచ్చి అడిగి వెళ్ళారు. సరిహద్దు దాటించే మనిషి ఒక్కరికే ఒప్పుకున్నాడు. తెల్లవారగానే బయల్దేరే బస్సులో షిఫెరావ్ ఆమెను ఎక్కించి, అది మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. ఆ తర్వాత ఏడాదిన్నరకి ఆమె నార్వే చేరింది. ఇక్కడ ఉండనిచ్చారు. భాష నేర్చుకుంది, వృద్ధుల కేంద్రంలో పని సంపాదించింది. భర్తను రప్పించుకోవడానికి ఎంత జీతం ఉండాలంటే అంత జీతం రెండేళ్ళు వరసగా చూపించి, దరఖాస్తు పెట్టింది.

దరఖాస్తులు చూసే కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. ఇద్దర్నీ విడివిడిగా ప్రశ్నిస్తారట. ఆమెను ఇక్కడి పోలీసు స్టేషన్లో, అతన్ని అడిస్ అబాబాలోని నార్వే ఎంబసీలో. ఇద్దరి జవాబులూ పక్కపక్కన పెట్టి, ఇది నిజమైన పెళ్ళా, కాగితాల కోసం చేసుకున్న పెళ్ళా తేలుస్తారు.

ఆ ఉత్తరం తీసుకుని జెనెబెచ్ ఎతగెన్ దగ్గరికి వెళ్ళింది. ఎతగెన్ వాళ్ళ దేశపు మనిషే, పదిహేనేళ్ళ ముందొచ్చింది, ఈతకొలనులో శుభ్రం చేసే పని. ఆమె ఇంట్లో ఎవరు అడుగు పెట్టినా ముందు ఫోను పక్క గదిలో, పరుపు కింద పెట్టి రావాలి. ఆమె మట్టి కూజాలో కాఫీ కాచి మూడు విడతలుగా పోస్తుంది. మూడో విడత తాగకుండా లేస్తే, ఎవరితో మాట్లాడటానికి అంత తొందరా అని అడుగుతుంది.

"దుబాసీ ఎవరో చెప్పారా?" అంది ఎతగెన్ మొదటి విడత పోస్తూ.

"చెప్పరంట అక్కా. ఫోన్లో ఉంటాడు. నంబరే ఉంటుంది, పేరుండదు."

"బావుంది. నీ పుట్టుపూర్వోత్తరాలన్నీ వాడికి తెలియాలి. వాడి పేరు మాత్రం నీకు తెలియకూడదు."

"వాళ్ళు ప్రమాణం చేస్తారట కదా."

"చేస్తారు. పళ్ళు తోముకున్నట్టు చేస్తారు. పక్క ఊళ్ళో ఒక పిల్ల 'మా అత్త' అంటే వాడు 'మా అమ్మ' అన్నాడట. నీకు ఇద్దరమ్మలా అని ఇంకా తిప్పుతున్నారు దాన్ని."

"ఇతనేనా?"

"ఇతనో, ఇతని అన్నో. సగం మంది మన ఎంబసీకి చెవులు. ఎవడు ఏ సగమో నీకెలా తెలుస్తుంది?"

జెనెబెచ్ కప్పు కింద పెట్టింది. "మరేం చెయ్యను?"

"మాటలు ఎలాగూ వాడి నోట్లోంచే వెళ్ళాలి, తప్పదు. అంకెలు మాత్రం వాడికి వదలకు. తేదీలంటే నువ్వు ముందే దరఖాస్తులో మన కేలండరు నుంచి వీళ్ళ లెక్కలోకి మార్చి రాశావు, అయిపోయింది. మరి గంటలు? మన మూడుని వాడు తొమ్మిది చెయ్యాలి. కావాలని చెయ్యకపోతే? నువ్వే మార్చి తొమ్మిదని చెప్పు. తొమ్మిదంటే ఏ భాషలో అయినా తొమ్మిదే."

వాళ్ళ దేశంలో గడియారం తెల్లవారడంతో మొదలవుతుంది. పొద్దు పొడిచిన గంటకి ఒంటిగంట. ఇక్కడి ఉదయం తొమ్మిది వాళ్ళకి మూడు, ఇక్కడి సాయంత్రం ఐదు వాళ్ళకి పదకొండు. ఎప్పుడూ ఆరు గంటలే తేడా. మిగతా రెండు విడతల కాఫీ అయ్యేదాకా జెనెబెచ్ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ తన పెళ్ళిరోజంతా ఇక్కడి గంటల్లోకి మార్చుకుంది.

ప్రశ్నించిన రోజు డిసెంబరు రెండో వారం. ఉదయం పదకొండైనా బయట నీలంగా మసక. పోలీసావిడ ఎదురుగా కంప్యూటరు, మధ్యలో ఫోను. నీకు మా భాష బాగానే వచ్చు, కానీ ఇంత ముఖ్యమైన విషయానికి దుబాసీ ఉండాల్సిందే అని చెప్పి ఆవిడ నంబరు నొక్కింది. స్పీకరు గరగరమంది. ఎంత ప్రయత్నించినా ఆ గరగర పోలేదు. చివరికి రిసీవరునే ఒకరికొకరు అందించుకోవాలని నిర్ణయించారు. జెనెబెచ్ అందులో తమ దేశపు భాష అమ్హారిక్‌లో చెప్పి ఆవిడకి ఇస్తుంది, ఆవిడ విని టైపు చేసి తిరిగి ఇస్తుంది.

అంటే తను చెప్పినదాన్ని అతను ఆవిడకి ఎలా చెబుతున్నాడో జెనెబెచ్‌కి వినపడదు. ఎతగెన్ అక్క ఇది కూడా ముందే చెప్పి ఉండాల్సింది అనుకుంది.

పోలీసావిడ ఈ దేశంలో అందరూ అందరినీ అన్నట్టే ఆమెను నువ్వంది. దుబాసీ మాత్రం మీరన్నాడు. వయసు మళ్ళిన గొంతు. "కంగారు లేదమ్మా, మీరు నిదానంగా చెప్పండి," అన్నాడు. ఆ మర్యాద జెనెబెచ్‌కి నచ్చలేదు. ఏ పనీ లేకుండా ఎవరూ అంత మెత్తగా మాట్లాడరు.

"పెళ్ళిరోజు మీరు పుట్టింటి నుంచి ఎన్నింటికి బయల్దేరారని అడుగుతున్నారమ్మా."

"తొమ్మిదింటికి," అని చెప్పి రిసీవరు ఇచ్చేసింది. పోలీసావిడ విని, టైపు చేసి, తిరిగిచ్చింది.

"మీవారు పనికి ఎన్నింటికి వెళ్ళేవారు?"

"ఏడింటికి. ఐదింటికి ఇంటికొచ్చేవారు."

"మీరు ఊరు వదిలిన రోజు బస్సు ఎన్నింటికి?"

"ఆరింటికి."

ఉదయమా, సాయంత్రమా అని అతను అడగలేదు. ఆమె చెప్పలేదు. ఆమె మనసులో ఆ ఉదయం అంత స్పష్టంగా ఉంది. ఇంకొకరికి అది కనిపించదని తట్టలేదు.

మూడు గంటల తర్వాత పోలీసావిడ రాసుకున్నదంతా రిసీవరులో చదివింది. దుబాసీ దాన్ని అమ్హారిక్‌లో జెనెబెచ్‌కి వినిపించాడు. తొమ్మిదింటికి బయల్దేరారు. ఏడింటికి వెళ్ళి ఐదింటికి వచ్చేవారు. బస్సు ఆరింటికి. ఒక్క అంకె తప్పులేదు.

"అంతా సరిగ్గా ఉందామ్మా? ఏదైనా మార్చాలంటే ఇప్పుడే చెప్పండి," అన్నాడు. ఆమె ఉందంది. అతను మళ్ళీ అడిగాడు. "గంటలవీ అన్నీ సరిపోయాయి కదా?"

తన నోటితో తప్పు ఒప్పించాలని చూస్తున్నాడు అనుకుంది. "సరిపోయాయన్నాను కదా," అంది. పోలీసావిడ ఐదు పేజీలు తీసిచ్చింది. జెనెబెచ్‌కి నార్వేజియన్ చదవడం వచ్చు. కానీ అప్పుడే అంతా వింది కదా. ప్రతి పేజీ కిందా సంతకం పెట్టి ఇచ్చేసింది.

మే నెలలో జవాబొచ్చింది. అప్పటికి మా ఊళ్ళో సూర్యుడు దిగడం మానేసే రోజులు. జెనెబెచ్ తపాలా పెట్టె దగ్గర ఎండలో నిలబడి మొదటి పేజీ చదివింది. తర్వాత చివరి పేజీ చదివింది. భార్యాభర్తల వివరణలు ముఖ్యమైన విషయాల్లో ఒకదానికొకటి పొసగడం లేదు, ఈ వివాహం వాస్తవమైనదని నమ్మడానికి తగిన కారణం కనిపించడం లేదు, దరఖాస్తు తిరస్కరించడమైనది, మూడు వారాల్లోగా అభ్యంతరం తెలపవచ్చు. మధ్య పేజీలు చదివే ఓపిక ఆమెకు లేకపోయింది. అక్కడే నిలబడి షిఫెరావ్‌కి ఫోన్ చేసింది.

"ఏం చెప్పావు వాళ్ళకి?"

"జరిగింది చెప్పాను."

"పెళ్ళిరోజు నేనెన్నింటికి బయల్దేరానన్నావు?"

"మూడింటికి. మరచిపోయావా?"

"నేనూ అదే చెప్పాను."

"ఇద్దరం ఒకటే చెబితే వాళ్ళకి తేడా ఎక్కడ దొరికింది జెనెబెచ్?"

 అతను పాఠం చెబుతున్నంత నెమ్మదిగా అన్నాడు. "ఐదేళ్ళయింది. అక్కడ ఎవరైనా ఉంటే నాతో చెప్పు. నేను గొడవ పెట్టుకునే మనిషిని కాను. కానీ గవర్నమెంటు కాగితంతో చెప్పించొద్దు."

"ఏం మాట్లాడుతున్నావు నువ్వు?"

"నువ్వు నన్ను రానివ్వదలుచుకోకపోతే, వాళ్ళకి తప్పు చెప్పడం కన్నా సులువైన పని ఇంకేముంది?"

ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత పది రోజులు ఎత్తలేదు. మొదటి రెండు రోజులూ జెనెబెచ్ దుబాసీని అనుమానించింది. మూడో రోజు నుంచి షిఫెరావ్‌ని అనుమానించడం మొదలుపెట్టింది. ఎంబసీలో ఏం చెప్పాడో తనేం చూసింది? రానిష్టం లేనిది అతనికే అయితే? ముందుగా తన మీద వెయ్యడం కూడా సులువైన పనే కదా. ఎతగెన్ అయితే రెండో విడత కాఫీ పోస్తూ, "ఇద్దరూ కుమ్మక్కయి ఉంటారు, వాడూ ఆ దుబాసీ," అంది. ఆ మాటకి నవ్వు రావాల్సింది. రాలేదు.

పద్నాలుగో రోజు టిఫిన్ గదిలో గున్వోర్ రొట్టె మీద తీపి జున్ను చెక్కుతూ, "మొహం అలా పెట్టుకుని రాకు, మూడో గదాయన తన చావు కబురేమోనని జడుసుకుంటున్నాడు," అంది. జెనెబెచ్ సంచిలోంచి ఉత్తరం తీసి ముందు పెట్టింది. గున్వోర్ కళ్ళజోడు పెట్టుకుని, ఆమె చదవని మధ్య పేజీల దగ్గర మొదలుపెట్టింది.

"మీ ఆయన బడిలో టీచరన్నావు కదా?"

"అవును."

"మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్ళి రాత్రి పదకొండింటికి వస్తాడా? గబ్బిలాలకి చెబుతాడా పాఠాలు?"

"ఎవరన్నారు అలా?"

"నువ్వే. ఇదిగో, భార్య వివరణ ప్రకారం అని ఉంది. మీ ఆయన మాత్రం ఏడు నుంచి ఐదు అన్నాడు. నాకు మీ ఆయనే మంచివాడిలా కనిపిస్తున్నాడు."

"నేనూ ఏడనే అన్నాను గున్వోర్. ఏడు, ఐదు అన్నాను."

గున్వోర్ నోట్‌బుక్కు చివరి పేజీ చింపి, పెన్ను తీసుకుంది. "బస్సు?"

"ఆరు."

"ఇక్కడ పన్నెండు అని ఉంది. పెళ్ళికి బయల్దేరింది?"

"తొమ్మిది."

"ఇక్కడ పదిహేను, అంటే మధ్యాహ్నం మూడు." నాలుగు అంకెల పక్కన నాలుగు అంకెలు రాసి, కాగితం ఆమె వైపు తిప్పింది. "ప్రతిదీ ఆరు గంటలు తేడా. నీమీద కక్ష ఉన్నవాడు ఇంత శుభ్రంగా తప్పు చెయ్యడు. ఆరే ఎందుకు?"

జెనెబెచ్ ఆ అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూసింది. ఎవరిదో తప్పు చెబుతున్నట్టు చిన్న గొంతుతో, వాళ్ళ దేశపు గంటల సంగతి చెప్పింది. ఎతగెన్ సలహా చెప్పింది. తొమ్మిది ఏ భాషలో అయినా తొమ్మిదే అన్న మాట కూడా చెప్పింది. అమ్హారిక్‌లో తొమ్మిది అంటే మధ్యాహ్నం మూడు. దుబాసీ అదే విన్నాడు, అదే చెప్పాడు. తిరిగి వినిపించేటప్పుడు దాన్ని మళ్ళీ తొమ్మిది చేశాడు. అక్కడ మధ్యాహ్నపు బడులు, రాత్రి బడులు ఉంటాయి కాబట్టి ఆ వేళలు అతనికి వింతగా అనిపించి ఉండవు.

"అంటే అతను అతని పని చేశాడు," అంది గున్వోర్.

"అవును."

"మరి నువ్వు?"

"నేనూ అతని పనే చేశాను."

గున్వోర్ నవ్వింది. ఆ తర్వాత ఉత్తరం పైనున్న తేదీ చూసి నవ్వాపేసింది. అభ్యంతరం చెప్పడానికి ఇంకా వారమే ఉంది.

ఆ సాయంత్రం ఎతగెన్ ఈ కథంతా విని, ఏ మాత్రం తడబడకుండా, "దుబాసీ తప్పుగా చెప్పాడని రాయి," అంది.

"అతను తప్పు చెప్పలేదక్కా."

"నాకు తెలుసు. నీకు తెలుసు. వాళ్ళకెందుకు తెలియాలి? దుబాసీ తప్పంటే నువ్వు బాధితురాలివి. 'నా తప్పే' అంటే, ఒకసారి ఒకటి, ఇంకోసారి ఒకటి చెప్పిన ఆడదానివి. ఇక్కడ మాట మార్చడానికీ అబద్ధానికీ వేరే పేర్లు లేవు. పదిహేనేళ్ళలో నేను చూసింది ఇదే."

ఎతగెన్ ఈసారి చెప్పింది నిజం కావచ్చని జెనెబెచ్‌కి భయం వేసింది. ఇంటికొచ్చి రెండు ఉత్తరాలు రాసింది. ఒకదానిలో దుబాసీ తప్పు, రెండోదానిలో తన తప్పు. మొదటిది చదవడానికి బావుంది, గట్టిగా ఉంది. రెండోది చదువుతుంటే తనకే నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు రెండూ గున్వోర్ ముందు పెట్టింది.

"నువ్వు ఏది నమ్ముతావు?"

"నేను నమ్మితే ఏం లాభం. వాళ్ళు ఆ దుబాసీని పిలిచి అడిగితే అతనేమంటాడు?"

"నేను తొమ్మిదన్నానంటాడు."

"అప్పుడు?"

జెనెబెచ్ మొదటి ఉత్తరం మడిచింది. అది మంచితనం వల్లేనని ఆమె ఎన్నడూ చెప్పుకోలేదు. ఆ మెత్తటి గొంతు గంటల సంగతి రెండోసారి అడగడం మాత్రం ఆమెకి చెవిలో వినిపిస్తూనే ఉంది. తను ఉచ్చు అనుకున్నది, నిజానికి అతను బయటపడమని తలుపు తీసి పట్టుకోవడం. ఉత్తరంలో ఆమె, "తొమ్మిది అన్నది నేను. నేను దుబాసీని నమ్మలేదు, అందుకని గంటలు నేనే మార్చి చెప్పాను. ఆయన తన పని చేశారు," అని రాసింది. ప్రతి గంటకీ ఎదురుగా వాళ్ళ లెక్క, ఇక్కడి లెక్క రాసింది. ఏ గంట ఏ పూటదో ఈసారి ఎవరికీ అనుమానం రాకూడదని, గున్వోర్ వద్దంటున్నా వినకుండా, ఒక్కొక్కదాని పక్కన సూర్యుణ్ణి గీసింది. పెళ్ళి శుభలేఖ జత చేసింది. దాని మీద అమ్హారిక్‌లో "పెళ్ళికూతురు బయల్దేరేది ఉదయం 3 గంటలకు" అని అచ్చయి ఉంది.

"ఉదయం మూడింటికి పెళ్ళికూతురు బయల్దేరడం," అంది గున్వోర్. "ఇది చూసి ఇద్దరూ గోడ దూకి చేసుకున్నారనుకోకపోతే మంచిదే."

ఉత్తరాన్ని ఫోటో తీసి షిఫెరావ్‌కి పంపి, పోస్టు చేసింది. అతను రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాడు.  "పిల్లలకి నేను ఏటా చెబుతాను, ప్రపంచంలో అన్ని గడియారాలూ ఒకలా నడవవని," అన్నాడు. అది క్షమాపణో, నింద చెయ్యడమో ఆమెకి అంతుబట్టలేదు.

డిసెంబరులో మళ్ళీ ఉత్తరం వచ్చింది. తిరస్కరణ రద్దయింది. మూడేళ్ళ అనుమతి ఇచ్చారు. కారణం రెండు వాక్యాల్లో ఉంది. ఎతగెన్ ఆ రెండు వాక్యాలూ నాలుగుసార్లు చదివించుకుని, "ఏదో మతలబుంది, ఇంత తేలిగ్గా ఎందుకిస్తారు," అంది. కానీ ఆ రోజు మూడు విడతలకి బదులు నాలుగు విడతల కాఫీ పోసింది.

షిఫెరావ్ మార్చిలో దిగాడు. విమానాశ్రయం బస్సు ఆగిన చోట సంచి కింద పెట్టి, ఆమెను కాకుండా ముందు ఆకాశాన్ని చూశాడు.

"ఎంతయింది టైము?"

"ఎవరి గంటలో?" అంది జెనెబెచ్.

అతను నవ్వాడు. ఆ వారంలోనే ఒకరోజు వంటింట్లో, ఇంజెరా రొట్టె చుట్టుకుంటూ, తల ఎత్తకుండా అడిగాడు. "నిజంగా పొరపాటేనా?"

"నిజంగా."

అతను తలూపాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నమ్మాడో, అడగడం మానేశాడో ఆమెకి తెలియదు. కొన్ని సాయంత్రాలు అతను తన ఫోను బోర్లా పెట్టడం చూసి ఆమె చూపు తిప్పుకుంటుంది. ఆమె ఫోను మోగితే అతనూ అదే చేస్తాడు.

మొన్న అక్టోబరులో షిఫెరావ్ మోకాలి నొప్పికి ఆమెతో కలిసి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు దుబాసీని ఫోన్లో కలిపారు. స్పీకరు బాగానే పనిచేసింది. జెనెబెచ్ ఆ గొంతు వెంటనే గుర్తుపట్టింది. అతను తన నంబరు చెప్పి, ప్రమాణం చదివి, డాక్టరు ఏమీ అడగకముందే అన్నాడు. "అయ్యా, మొదలుపెట్టే ముందు ఒక్క మాట. గంటలు మన లెక్కలో చెబుతారా, వీళ్ళ లెక్కలోనా? పొద్దునో సాయంత్రమో కూడా చెప్పండి."

 జెనెబెచ్ తనెవరో చెప్పలేదు. అతను అడగలేదు. డాక్టరు రాసిచ్చిన మందు చీటీ మీద, ఎనిమిది పక్కన, బయటికొచ్చాక సూర్యుణ్ణి గీసింది.

షిఫెరావ్ ఇప్పుడు చేపల ఫ్యాక్టరీలో పెట్టెలు సర్దే పనిలో ఉన్నాడు. అతని అనుమతి వచ్చే మార్చి పద్నాలుగుతో ముగుస్తుంది. పొడిగించమని ఇద్దరూ కలిసి దరఖాస్తు పెట్టారు. జవాబు ఇంకా రాలేదు.